వింకో మెట్లు కడగని వారం

వింకో వంతు వచ్చిన శనివారం నాడు మా ఇంటి మెట్లు ఎంత నున్నగా మెరిసేవంటే, ఒకసారి ఒక ఈగ మూడో మెట్టు మీద వాలబోయి, జారి కాలు విరగ్గొట్టుకుంది. తనకి రెక్కలున్న సంగతి కూడా మరిచిపోయి, పాపం, కిటికీ దాకా కుంటుకుంటూ నడిచి వెళ్లింది. నేను పక్కనే ఉండి చూశాను. మీరు నమ్మడం లేదంటే ఆ మెట్లు మీరు చూడలేదన్నమాట.

ఇది 1973 నాటి సంగతి. జర్మనీలోని ఆల్బ్ కొండల్లో, ఇంటికొకరు చొప్పున బనియన్ల మిల్లుకి వెళ్లే ఊరు. ఇల్లు ఫ్రౌ మౌతె గారిది. అరవై దాటిన ఆవిడ, అరిగిన తుంటి ఎముకతో, కింది వాటాలో ఒక్కతే ఉండేది. మొదటి అంతస్తులో వింకో బారిచ్. పైన అటక గదిలో నేను. వెనకవైపు గది ఆ ఏడు ఫిబ్రవరి దాకా ఖాళీ. మెట్లూ, గుమ్మం ముందున్న కాలిబాటా అద్దెకున్నవాళ్లం వారానికొకరం ఊడ్చి తుడవాలి. ఎవరి వంతో వాళ్ల తలుపు పక్కన మేకుకి ఒక చెక్క పలక వేలాడుతుంది. శనివారం సాయంత్రానికి పని ముగించి ఆ పలక తీసుకెళ్లి తర్వాతివాళ్ల మేకుకి తగిలిస్తే, మళ్లీ వంతు వచ్చేదాకా గండం గడిచినట్టే.

నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. గోళ్లూ, చెవుల వెనక భాగమూ సిస్టర్ల తనిఖీకి సిద్ధంగా ఉంచుకుని పెరిగాను. అందుకని కంటికి ఆనే చోట శుభ్రంగానూ, ఆనని చోట మామూలుగానూ తుడిచేవాణ్ణి. వింకో పద్ధతి వేరు. మెట్ల మూలలు పాత పళ్ల బ్రష్షుతో తోమేవాడు. చేతులు వేసే కమ్మీకి అడుగు వైపు కూడా తుడిచేవాడు. అక్కడ చూసేది ఎవరని అడిగితే, "మెట్లెక్కే పిల్లి చూస్తుంది" అనేవాడు.

వింకోది అడ్రియాటిక్ సముద్రంలో పాగ్ అనే దీవి. రాళ్లూ, గొర్రెలూ, ఉప్పు మడులూ. అక్కడున్నన్నాళ్లు ఇంట్లో పుల్ల తీసి అటు పెట్టి ఎరగడు. అన్నీ అక్క నెవెంక చేసిపెట్టేది. అరవై ఎనిమిదిలో ఇక్కడికి వచ్చిన మొదటి వారం, తన తలుపు పక్కన వేలాడుతున్న పలక చూసి, ఇంటావిడ ఇచ్చిన స్వాగత కానుక అనుకున్నాడు. వేసవిలో ఊరికి తీసుకెళ్లి గోడకి తగిలిద్దామని కాగితంలో చుట్టి పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు. రెండు వారాలు ఇల్లంతా పలక కోసం వెతికారు. చివరికి ఫ్రౌ మౌతె పైకి వచ్చి, "బారిచ్ గారూ, అది పెట్టెలో దాచుకునేది కాదు. ఈ వారం మెట్లు మీరు కడగాలని గుర్తు" అని చెప్పి దిగిపోయింది.

ఐదేళ్లలో ఆవిడ అతనితో మాట్లాడిన అతి పెద్ద మాట అదే. సిగ్గుతో చచ్చిపోయి, ఆ పూటే బ్రష్షు పట్టాడు వింకో. ఆ తర్వాత జ్వరమొచ్చినా, మిల్లులో రెండు షిఫ్టులు చేసొచ్చినా వంతు తప్పలేదు. పని పూర్తయ్యాక ఫ్రౌ మౌతె తలుపు తీసేది, మెట్ల వైపు కింది నుంచి పైకి చూసేది, "గ్రూస్ గాట్" అని పలకరించేది, తలుపు వేసుకునేది.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి మాత్రం ఆ తలుపు సందులోంచి కాఫీ వాసనా, కాలాన్ని బట్టి ఆపిల్ పళ్లో ప్లమ్ పళ్లో పరిచి కాల్చిన కేకు వాసనా మెట్లెక్కి వచ్చేవి. వింకో తన తలుపు బెత్తెడు తెరిచి పెట్టుకుని కూర్చునేవాడు.

"ఎవరితో తింటుందంటావ్?" అనేవాడు నాతో.

"ఎవరున్నారు? ఒక్కతే."

"కేకంతా?"

"సోమవారానికి దాచుకుంటుందేమో."

"ఒక్క ముక్క చాలు. ఒక్క ఆదివారం, ఆ బల్ల దగ్గర కూర్చుని. ఈ ఊరొచ్చి ఐదేళ్లు, ఒక్క ఇంట్లో కుర్చీ మీద కూర్చోలేదు నేను."

"అడిగి చూడరాదూ?"

"అడిగి తింటే అది కేకెలా అవుతుంది? ఉత్త పిండి."

అసలు చిక్కు కేకుతో రాలేదు, ఉత్తరంతో వచ్చింది. ఆదివారాలు తిండి ఎలాగని అక్క రాస్తే, ఆవిడ బెంగపడకూడదని వింకో ఒక అబద్ధం రాశాడు. ఇంటావిడ నన్ను సొంత మనిషిలా చూస్తుంది, ప్రతి ఆదివారం తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని కేకు పెడుతుంది అని. అక్క లేసు అల్లే మనిషి. పాగ్ దీవి లేసంటే సూదితో గాలిని కుట్టినట్టుంటుంది. ఆవిడ వెంటనే జవాబు రాసింది: "నా తమ్ముణ్ణి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకునే మనిషికి నేనేమీ ఇవ్వకుండా ఉంటానా? ఆ బల్ల మీదికి లేసు అల్లి పంపుతాను. పొడవెంతో వెడల్పెంతో జానల్లో రాయి. నీ జానా నా జానా ఒకటే."

వింకో జవాబు రాయలేదు. రెండో ఉత్తరం వచ్చింది. మూడోది కూడా వచ్చింది: "బల్ల కొలవడానికి నాలుగు నెలలా? అదేమన్నా సముద్రమా?"

"ఏదో ఒక కొలత రాసి పారెయ్" అన్నాను.

"అక్కకి అబద్ధం చెప్పాను, సరే. అక్క సూదికి ఎలా చెప్పను? ఆర్నెల్లు కళ్లు పోగొట్టుకుని అల్లుతుంది" అన్నాడు.

అలా ఉండగా ఫిబ్రవరిలో వెనక గదిలోకి ఎవారిస్తో దిగాడు. పోర్చుగల్ కొండల మనిషి. ముప్పై దాటాయి. మీసం ఎంత గుబురంటే, అతను నవ్వుతున్నాడా లేదా అన్నది కళ్లు చూసి తెలుసుకోవాలి. మిల్లులో మేస్త్రీ అతన్ని వింకో చేతి కింద వేశాడు. మా మిల్లులో గుండ్రటి అల్లిక మిషన్లు తిరుగుతూ ఉంటే, కింద నుంచి బనియను గుడ్డ గొట్టంలా దిగుతుంది. ఒక్క సూది విరిగిందా, గుడ్డ పొడుగునా గీత పడుతుంది. సూది విరిగితే అందరం గుడ్డ చూసి కనుక్కుంటాం. వింకో చెవితో కనుక్కునేవాడు. సూది విరుగుదామని అనుకుంటూ ఉండగానే వింకోకి వినపడుతుందని మేస్త్రీ ఒట్టేసి చెప్పేవాడు.

ఎవారిస్తో తప్పు చేస్తే వింకో పక్కన నిలబడి ఓపికగా అంతా విప్పి చెప్పేవాడు. పని సరిగ్గా నడిస్తే పలకరించకుండా దాటిపోయేవాడు.

ఎవారిస్తో మొదటి వంతు వచ్చింది. వాళ్ల ఊళ్లో మెట్లు రాతివి, ఇంటి బయట ఉంటాయి. బకెట్టు నీళ్లు పైనుంచి కుమ్మరిస్తే పనయిపోతుంది. ఇక్కడా అదే చేశాడు. నాలుగు బకెట్లు. మా ఇంట్లో ఆ సాయంత్రం జలపాతం దూకింది. తెల్లారేసరికి ఆ నీళ్లు గుమ్మం ముందు గడ్డకట్టాయి. చర్చికి బయల్దేరిన ఎదురింటాయన మా గుమ్మం దగ్గర కాలు జారి చతికిలబడి, వీధి పల్లం వెంట, కూర్చున్నవాడు కూర్చున్నట్టే చర్చి దాకా జారుకుంటూ వెళ్లాడు. ఆయన ప్రార్థనకి వేళకి చేరింది ఆ ఒక్క ఆదివారమే.

ఫ్రౌ మౌతె బయటికి వచ్చింది.

"ఇవి మెట్లనుకున్నావా, కాలవ అనుకున్నావా? నీళ్లు ఎవరు పొయ్యమన్నారు? గుడ్డ తడపాలి, పిండాలి, ఇదుగో ఇలా!"

"ఇలాగానా అమ్మా?"

"అలా కాదు! చేతులా అవి, చేపలా? జారిపోతున్నాయేం? ఇటివ్వు!"

నలభై నిమిషాలు. వింకో తన తలుపు వెనక నిలబడి మొత్తం విన్నాడు. ఆవిడ మాటలు మూడొందల దాకా లెక్కపెట్టి, వేళ్లు చాలక ఆపేశాడు.

"నాకు ఐదేళ్లలో ఒక్క మాట. వాడికి ఒక్క పూటలో బుట్టెడు" అన్నాడు నాతో.

"అవి తిట్లయ్యా."

"తిట్లయితే మాటలు కావా?"

రెండో వంతుకి ఎవారిస్తో మెట్లు పొడిగానే తుడిచాడు కానీ, కింది నుంచి మొదలుపెట్టి పైకి తుడిచాడు. మళ్లీ అరగంట పాఠం. మూడో వంతుకి కాలిబాట ఊడ్చి, చెత్తంతా పక్కింటి హద్దులోకి నెట్టి, చేతులు దులుపుకున్నాడు. ఆ ఊళ్లో అంతకంటే మనిషిని చంపడం నయం. పక్కింటావిడ ఆదివారం నాడు చెయ్యి నడుం మీద పెట్టుకుని వచ్చింది. వీధిలో రభస ఎందుకని ఫ్రౌ మౌతె ఎవారిస్తో చొక్కా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేసింది.

అప్పుడు టైము మూడున్నర.

గంట తర్వాత ఎవారిస్తో బయటికి వచ్చాడు. మీసం మీద పంచదార పొడి. ఆ తర్వాత అది ప్రతి ఆదివారం మామూలయిపోయింది.

వింకో తిండి తగ్గించాడు. మొహం ఉప్పు మడిలా పాలిపోయింది. ఎవారిస్తో నవ్వినా, తుమ్మినా, కొత్త బూట్లు తొడుక్కున్నా అతనికి గిట్టేది కాదు. "వాడి మీసం చూశావా? కేకు కోసమే పెంచాడు. ఎంత పడుతుందో అందులో!" అనేవాడు. ఒకరోజు మిల్లులో తొమ్మిది గంటల రొట్టె విరామంలో ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఒరేయ్, ఆవిడ బల్ల ఎలా ఉంటుంది?"

"ఏ బల్ల అన్నా?"

"కేకు పెట్టే బల్లరా! గుండ్రమా, నలుచదరమా?"

ఎవారిస్తో రొట్టె నములుతూ ఆలోచించాడు. "చూడలేదన్నా. దాని మీద కేకుంది కదా."

"మూడు నెలల్నించి తింటున్నావు! అంచుకి మోచెయ్యి ఆనించలేదూ?"

"ఆనిస్తే తియ్యమంటుంది" అన్నాడు ఎవారిస్తో. "ఎందుకన్నా? కొలిచి చెప్పనా?"

"అక్కర్లేదు!" అని వింకో లేచిపోయాడు. తన అక్క లేసుకి ఆ మీసంవాడు కొలత తేవడమా!

ఆ సాయంత్రం నా గదికి వచ్చాడు. "అర్థమైంది నాకు. ఆ ఇంట్లో తిట్లు తిన్నవాడికే కేకు. నేనూ తింటాను తిట్లు. వచ్చే వారం నా వంతు. మెట్లు ముట్టుకోను."

"నీవల్ల కాదు."

"చూస్తూ ఉండు."

సోమవారం మామూలుగా గడిచింది. మంగళవారం మెట్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయని, రొట్టె డబ్బాలో పొలం మట్టి తెచ్చి మూడు మెట్ల మీద చల్లాడు. చల్లుతున్నప్పుడు చూశాను. అంచులకి సమానంగా, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా చల్లాడు. బుధవారం చూడలేక సగం ఊడ్చేశాడు. ఊడ్చినందుకు తనని తనే తిట్టుకుని గురువారం మళ్లీ చల్లాడు. శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మంచం మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని ఉన్నాడు. చేతులు బ్రష్షు కోసం లాగుతున్నాయట.

"ఆవిడ వచ్చి తిడుతుంది" అన్నాడు. "నేను తల వంచుకుంటాను. లోపలికి రా, బుద్ధి చెబుతానంటుంది. వెళతాను. బల్ల మీద చెయ్యి పెడతాను."

నాలుగయింది. ఎవరూ రాలేదు. నాలుగుంపావుకి మెట్ల మీద తడి గుడ్డ చప్పుడు. తలుపు సందులోంచి ఇద్దరం తొంగి చూశాం.

ఫ్రౌ మౌతె మోకాలి కింద పాత దిండు వేసుకుని, వంగని ఎడమ కాలు పక్కకి చాపుకుని, ఒక్కో మెట్టే తుడుస్తోంది. వీధి తలుపు తెరిచే ఉంది. ఎదురింటావిడ తన కిటికీలోంచి కేకేసింది: "అదేమిటి, ఈ వారం బారిచ్ వంతు కాదూ?"

"నాదే" అంది ఫ్రౌ మౌతె తలెత్తకుండా. "పలక నేనే తప్పు మేకుకి తగిలించాను."

ఆవిడ అబద్ధమాడగా ఆ వీధి వినడం అదే మొదలు. వింకో గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. వెళ్లి గుడ్డ లాక్కోమని తోశాను. కదల్లేదు.

ఇంకో గంటకి తలుపు మీద రెండు సార్లు చప్పుడైంది. తీసేసరికి ఎవరూ లేరు. గడప మీద మూత పెట్టిన గిన్నె ఉంది. అట్టు ముక్కలు సన్నగా తరిగి వేసిన సూపు, పొగలు కక్కుతూ.

"చూశావా?" అన్నాడు వింకో. కళ్లనిండా నీళ్లు. "తిట్టడానికి కూడా పనికిరానివాణ్ణి నేను."

అతను ముట్టలేదు. సూపు నేనే తాగాను. చాలా బాగుంది.

అంతలో మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ ఎవారిస్తో వచ్చి పడ్డాడు. "అన్నా! ఏమైందన్నా నీకు? ఐదేళ్లలో ఎన్నడూ ఇలా జరగలేదు, మనిషి మంచం పట్టి ఉండాలి, చప్పుడు చెయ్యొద్దు అంటోంది ఆవిడ. డాక్టరుని పిలవనా?"

"నాకే రోగమూ లేదు. నా రోగం నీ కేకు!"

ఎవారిస్తో బిత్తరపోయాడు. తర్వాత అతనికీ కోపం వచ్చింది. "నా కేకా? తిని చూడు తెలుస్తుంది! మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే, బారిచ్ గారు మూలలు బ్రష్షుతో తోముతారు. రెండో ముక్కకి, బారిచ్ గారి వంతు రోజు తలుపు తీసి చూస్తే నా కళ్లకి హాయి. నీ పేరు నంజుకోకుండా ఒక్క ముక్క తిన్నానా నేను? మిల్లులో నీతో పడలేక ఇంటికొస్తే, కేకులో కూడా నువ్వే!"

"మిల్లులో నిన్నేమన్నాను?"

"ఏమీ అనవు. అదే కదా! మిషను చెడితే వచ్చి పక్కన నిలబడతావు. బాగా తిరిగితే గోడని దాటినట్టు దాటిపోతావు. మొన్న మంగళవారం ఆరో మిషను సూది విరిగింది చూడు. అది నేనే విరిచాను."

"విరిచావా?" వింకో మంచం మీద నుంచి లేచాడు. "కావాలని? సూదినా?"

"నువ్వొచ్చి నాలుగు మాటలు మాట్లాడతావని!"

 వింకో ఆ సూపు గిన్నె వంక చూశాడు. తర్వాత గిన్నె కడిగాడు. లోపలా, బయటా, అడుగునా. దాన్ని పట్టుకుని కిందికి దిగాడు. మేమిద్దరం మెట్ల మలుపులో కూర్చుని చెవులు రిక్కించాం.

తలుపు తెరుచుకుంది.

"లేచి తిరుగుతున్నారేమిటి, బారిచ్ గారూ? పడుకోండి" అంది ఫ్రౌ మౌతె.

"నాకు జబ్బు లేదండీ. కావాలనే కడగలేదు."

"కావాలనా? ఎందుకూ?"

"మీరు తిడతారని."

 ఆ తర్వాత ఇక ఏమీ వినిపించలేదు, ఆవిడ గొంతు తప్ప.

"అరిగిన తుంటితో నన్ను మోకాళ్ల మీద పాకిస్తారా? ఆ ఎదురింటిదానికి నాచేత అబద్ధం చెప్పిస్తారా? రేపు చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను? సూపులోకి మూడు గుడ్లు కొట్టాను, మూడు! ఆ మట్టి ఎక్కడిది? మన వీధి మట్టి అంత ఎర్రగా ఉండదే! తెచ్చి పోశారా? మోసుకొచ్చి పోశారా!"

కమ్మీ సందులోంచి తొంగి చూస్తే, వింకో తల వంచుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ పెళ్లిపీటల మీద కూర్చున్నవాడి మొహంలో కూడా అంత వెలుగు నేను చూడలేదు. గంట దాటింది. నా పక్కన ఎవారిస్తో గోళ్లు కొరుక్కుంటూ గొణిగాడు: "నన్నెప్పుడూ ఇంతసేపు తిట్టలేదు."

చివరికి ఆవిడకి ఊపిరందక ఆగింది. "రేపు మూడున్నరకి రండి. ఇంకా చాలా ఉంది చెప్పాల్సింది. కాళ్లు తుడుచుకుని రండి."

మర్నాడు వింకో సూటు వేసుకుని వెళ్లాడు. ఆపిల్ కేకు. మాటల మధ్యలో బల్ల అంచు కింద చెయ్యి పెట్టి జానలు వేస్తుంటే ఫ్రౌ మౌతె పట్టుకుంది. ఏం చేస్తున్నారంటే, ఉత్తరాలూ అబద్ధమూ లేసూ అన్నీ చెప్పేశాడు. ఆవిడ లేచి వెళ్లి కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి, ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని బల్ల చివరికి నడిచింది. కొలత ఆవిడే చీటీ మీద రాసి ఇచ్చింది. ఇదంతా వింకో నాకు చెప్పింది ఒక్క నిమిషంలోనే. ఎవారిస్తో ముక్క తన ముక్క కంటే వేలెడు వెడల్పుగా ఉందని మాత్రం మూడు వారాలు చెప్పాడు. అయితే సోమవారం నుంచి మిల్లులో ఆరో మిషను సవ్యంగా తిరుగుతున్నా దాని దగ్గర ఆగి, "బాగుందిరా" అని కసురుతున్నట్టు అనేసి పోయేవాడు.

లేసు శీతాకాలంలో వచ్చింది. కొలత వెంట్రుకవాసి తేడా లేదు. ఆదివారాలు ఫ్రౌ మౌతె దాన్ని బల్ల మీద పరిచేదట. పరిచాక దాని మీద ఏమీ పెట్టనిచ్చేది కాదట, మరకలవుతాయని. ముగ్గురూ కేకు పళ్లాలు ఒళ్లో పెట్టుకుని, చుట్టూ కూర్చుని, ఆ లేసుని చూస్తూ తినేవారట.

అట అంటున్నానంటే, నేను వెళ్లలేదు కనక. నా మెట్లు మెచ్చుకునేంత బాగానూ ఉండేవి కావు, తిట్టేంత అధ్వాన్నంగానూ ఉండేవి కావు. ఆదివారం మూడున్నరకి అటక గది తలుపు బెత్తెడు తెరుచుకుని కూర్చునేవాణ్ణి. వాసన అంత ఎత్తుకీ వచ్చేది.